కండ కరగడం ఎవరి కథ?

1889 జూన్ 1న పారిస్‌లో, జీవశాస్త్ర సంఘం సమావేశంలో, డెబ్బై రెండేళ్ల బ్రౌన్-సెకార్ తన మీద తానే చేసుకున్న ప్రయోగాన్ని వివరించాడు. కుక్కల, గినీ పందుల వృషణాల రసం చర్మం కిందికి ఎక్కించుకున్నాడట. మెట్లు మళ్లీ పరుగులాంటి నడకతో ఎక్కుతున్నాననీ, ముంజేతి బలం పెరిగిందనీ చెప్పి, బలం కొలిచే పరికరంతో తీసిన అంకెలూ చూపించాడు. అలా తీసిన రసంలో హార్మోను దాదాపు ఉండదని చాలాకాలం తర్వాత తేలింది. ఆయన పొందిన సత్తువంతా నమ్మకం మహిమే. అయినా ఒక ముసలాయన కండ ప్రపంచ వార్త అయింది. అదే నగరంలో బట్టలుతికి పొట్ట పోసుకునే ముసలమ్మల ముంజేతుల్ని ఎవరు కొలిచారు?

1929లో ఈస్ట్రోజెన్‌ను, 1935లో టెస్టోస్టిరాన్‌ను విడదీశారు. ఇద్దరి శరీరాల్లోనూ రెండూ ఉంటాయని తెలిసినా ఒకటి ‘ఆడది’, ఒకటి ‘మగది’ అయి కూర్చున్నాయి. మగదానికి కండ దక్కింది, ఆడదానికి అందం. 1966లో రాబర్ట్ విల్సన్ అనే అమెరికన్ డాక్టరు ముట్లుడగడాన్ని లోపం వల్ల వచ్చే జబ్బుగా చూపిస్తూ పుస్తకం రాశాడు. అతని బెంగ మనం ‘స్త్రీత్వం’ కోల్పోతామని. బిందె ఎత్తలేకపోతామని కాదు!

బాల్టిమోర్‌లో వృద్ధాప్యం మీద 1958లో మొదలైన సుదీర్ఘ అధ్యయనంలో స్త్రీలను చేర్చుకున్నది 1978లో. ఇరవై ఏళ్ల పాటు ముసలితనమంటే మగవాళ్ల ముసలితనమే. పెరుగుదల హార్మోనుతో కండ పెరుగుతుందంటూ 1990లో సంచలనం రేపిన డేనియల్ రుడ్‌మన్ ప్రయోగంలోనూ ఉన్నది 21 మంది మగవాళ్లే. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ ఈ కండ తరుగుదలకు ‘సార్కోపీనియా’ అని పేరు పెట్టాడు. గ్రీకులో మాంసం, లేమి అన్న రెండు మాటల కలయిక. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, ‘లేమి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

టెస్టోస్టిరాన్ కండలో ప్రొటీన్ తయారీని పెంచుతుంది. మగవాళ్లలో అది ఏటా సుమారు ఒక శాతం చొప్పున, మెల్లగా తగ్గుతుంది. మనకలా కాదు. ముట్లుడిగే కొద్ది ఏళ్లలోనే ఈస్ట్రోజెన్ గట్టు మీంచి జారినట్టు పడిపోతుంది. దెబ్బతిన్న కండను బాగుచేసే మూలకణాలకు అది ఆసరా. ఆ ఆసరా పోయాక కండ పరిమాణం కంటే ముందు బలం తగ్గుతుంది. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఆ జారడం ఒక్కరోజు పనే.

ఇక్కడే నాకు మన ఊళ్లు గుర్తొస్తాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. నాట్లేసే, కలుపు తీసే చేతులకు సత్తువే కదా కూలి!

మరి హార్మోను మాత్రలు మింగితే సరిపోతుందా? అమెరికాలో వేలాదిమంది స్త్రీలతో జరిగిన పెద్ద పరీక్షలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన భాగాన్ని రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బుల భయంతో 2002లో ఆపేశారు. కండ విషయంలో మూడేళ్లకు కనిపించిన కాస్త లాభం ఆరేళ్లకు మిగల్లేదు. దీనికంటే నాకు నచ్చింది 1990లో మరియా ఫియాటరోన్ బోస్టన్‌లో చేసిన పని. తొంభై ఏళ్ల వాళ్లతో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించింది. వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఏ రసమూ ఎక్కించలేదు.

మా పెద్దమ్మకు ముప్పై నాలుగేళ్లకే ‘పెద్దాపరేషన్’ అయింది. ఇప్పుడు పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. “వయసు మీద పడిందిలేవే” అంటుంది, అరవై కూడా నిండకుండానే. నిరుడు నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. బీపీ చూశారు, షుగరు చూశారు. పిడికిలి బిగించి చూపించమని ఎవరూ అడగలేదు.