ఒక్క సంగతి ఒక్క చోట

మా హోసూరులో తెలుగు పేరు సర్టిఫికెట్‌లోకి ఎక్కాలంటే మూడు భాషలు దాటాలి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, కాగితం మీద ఇంగ్లీషు. నా పేరు 'భ'తో మొదలవుతుంది. తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని నా జనన సర్టిఫికెట్‌లో ఇంగ్లీషు 'బి' ఉంటే, రేషన్ కార్డులో 'పి' పడింది. రేషన్ కార్డు చూసి రాసిన రిజిస్టరులోనూ 'పి'నే. ఆధార్‌లో మళ్లీ 'బి'. ఈ యేడు పదో తరగతి పరీక్షకు పేర్ల జాబితా తయారు చేసేటప్పుడు ఇది బయటపడింది. నాయన రెండు రోజుల కూలి పోగొట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ తిరిగినాడు.

ఆ ఆదివారం బెంగళూరు నుంచి చిన్నాయన వచ్చినాడు. ఆయన ఒక కంపెనీలో డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్. కంపెనీ లెక్కలూ పేర్లూ పోకుండా, చెడిపోకుండా చూసుకునే పని. నా కాగితాలు చూసి, "ఒకే సంగతిని నాలుగు చోట్ల రాసిపెడితే ఏదో ఒక దినం నాలుగూ నాలుగు మాటలు చెప్తాయి పాపా. ఇది కాకుండా ఉండేదానికే ఒకాయన పెద్ద లెక్క వేసినాడు" అన్నాడు. ఆ ఒకాయన గురించే ఈ వ్యాసం. క్లాసులో చాలామంది కృష్ణదేవరాయల మీద రాస్తున్నారు. నేను దీని మీద రాస్తానంటే సోషల్ సారు, "ఇదీ చరిత్రే, తేదీలు మాత్రం సరిగ్గా రాయి" అన్నారు.

1960ల్లో అమెరికా చంద్రుడి మీదికి మనుషుల్ని పంపే అపోలో పథకం మొదలుపెట్టింది. దానికి లక్షల విడిభాగాలు. వాటి జాబితా ఉంచడానికి ఐబీఎం వాళ్లు ఐఎంఎస్ అనేది తయారు చేశారు. అందులో సమాచారం వంశవృక్షంలా ఉంటుంది. తాతను దాటితేగాని మనవడి దగ్గరికి పోలేము. చార్లెస్ బాక్‌మన్ అనే ఆయన జనరల్ ఎలక్ట్రిక్‌లో చేసిన ఇంకో పద్ధతిలో రికార్డులను గొలుసులతో ముడివేశారు. దీనికి ఆయనకు 1973లో ట్యూరింగ్ అవార్డు కూడా వచ్చింది. రెండింటిలోనూ ప్రోగ్రాము రాసేవాడికి దారి తెలిసుండాలి. దారి మారితే ప్రోగ్రాము కూడా మార్చుకోవాలి.

ఎడ్గార్ కాడ్ 1923లో ఇంగ్లండులో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపారు. తర్వాత ఐబీఎంలో చేరి, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పనిచేస్తూ 1970 జూన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. సమాచారాన్ని చెట్టులాగా, గొలుసులాగా కాకుండా పట్టికలుగా పెట్టమని ఆయన చెప్పారు.

మా బడినే తీసుకోండి. ఒక పట్టికలో అడ్మిషన్ నంబరు, పేరు. ఇంకో పట్టికలో అడ్మిషన్ నంబరు, సబ్జెక్టు, మార్కులు. మార్కుల పట్టికలో పేరు ఉండనే ఉండదు. నంబరు పట్టుకుని పేరు తెచ్చుకోవాలి. పేరు ఒక్క చోటే ఉంది కాబట్టి అక్కడ దిద్దితే అన్ని చోట్లా దిద్దినట్టే. పేరు బదులు నంబరు ఎందుకంటే, మా క్లాసులో మంజునాథలు ముగ్గురున్నారు!

ఐబీఎం వెంటనే ఒప్పుకోలేదు, ఐఎంఎస్ బాగా అమ్ముడుపోతోంది మరి. 1974లో కాడ్, బాక్‌మన్ ఇద్దరూ ఒక సభలో ఎదురెదురుగా వాదించుకున్నారు కూడా. అదే యేడు ఐబీఎంలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ పట్టికలను అడగడానికి సీక్వెల్ అనే భాషను ప్రకటించారు. ఆ పేరు ఇంకొకరిది కావడంతో తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. బాయ్స్ ఆ 1974లోనే, చిన్న వయసులో చనిపోయారు. తన భాష ప్రపంచమంతా నడవడం ఆయన చూడలేదు. ఐబీఎం బయటపెట్టిన వ్యాసాలు చదివి లారీ ఎల్లిసన్ కంపెనీ 1979లో ఒరాకిల్ అమ్మకానికి పెట్టింది. మొదటిదానికే 'రెండో వెర్షన్' అని పేరు పెట్టారంట! కాడ్‌కు 1981లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆయన 2003లో చనిపోయారు.

పట్టికలు ఉంటే సరిపోదు, మధ్యలో కరెంటు పోతే ఎలా? నాయన అవ్వకు ఫోన్లో 500 రూపాయలు పంపితే ఇక్కడ తగ్గడం, అక్కడ పెరగడం రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. దీన్ని ట్రాన్సాక్షన్ అంటారు. దీని మీద పనిచేసిన జిమ్ గ్రేకి 1998లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. మార్చబోయేది ముందు చిట్టాలో రాసి, ఆ తర్వాతే అసలు పట్టికను మార్చాలి. ఈ పద్ధతిని పక్కాగా చేసిన 'ఏరీస్' మీద 1992లో వచ్చిన వ్యాసంలో మొదటి పేరు మద్రాసు ఐఐటీలో చదివిన సి. మోహన్‌ది. 2007 జనవరిలో జిమ్ గ్రే శాన్ ఫ్రాన్సిస్కో నుంచి పడవలో సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన స్నేహితులు ఉపగ్రహ చిత్రాలు తెప్పిస్తే, వేలమంది తలా కొన్ని పంచుకుని పడవ కోసం వెతికారు. దొరకలేదు. ఇది చదివి నాకు చాలాసేపు రాయబుద్ధి కాలేదు.

చిన్నాయనకు కొన్ని పట్టింపులున్నాయి. డిలీట్ కొట్టేముందు అదే షరతుతో సెలెక్ట్ చేసి, ఎన్ని వరుసలు వస్తాయో చూస్తాడు. బ్యాకప్ తీసి ఊరుకోడు, వేరే కంప్యూటర్లో ఎక్కించి తెరిచి చూస్తాడు. "తెరవని బ్యాకప్ ఉన్నట్టా లేనట్టా?" అంటాడు.

"మరి అన్నీ పట్టికలేగా, నా పేరెందుకు తప్పింది?" అని అడిగినాను. ఒక్కో ఆఫీసుకు ఒక్కో డేటాబేస్ ఉందనీ, వాటి మధ్య సంగతిని ఇప్పటికీ మనిషే చూసి కొడుతున్నాడనీ చెప్పినాడు. కాడ్ లెక్క ఒక ఇంటి లోపల పనిచేస్తుంది, ఇంటికీ ఇంటికీ మధ్య కాదు.

చివరికి టీచరు జనన సర్టిఫికెట్‌నే అసలుగా తీసుకుని, పరీక్షకు పంపే జాబితాలో 'పి' కొట్టేసి 'బి' రాశారు. నేను మూడుసార్లు చదివి సంతకం పెట్టినాను. రేషన్ కార్డు ఇంకా అట్లే ఉంది. నాయన వచ్చే సోమవారం మళ్లీ పోతాడు.