పైసలు పేరుకు పోతాయా, నంబరుకు పోతాయా?

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పిన ముచ్చటనే కొంచెం కుదురుగా రాసి పెడుతున్నాను. డ్యూటీ వల్ల వినడం కుదరనివాళ్లు తీరిగ్గా చదువుకోవచ్చు.

నాది జగిత్యాల దిక్కు. ఐటీఐ చేసి దుబాయ్ పోయిన. ఇప్పుడు షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. మొన్న లంచ్ టైమ్‌లో మా దగ్గర పనిచేసే నిజామాబాద్ తమ్ముడు ఫోన్ చూపించాడు. "అన్నా, ఇంటికి పైసలు క్రిప్టోల పంపుతున్న. పొడుగు అడ్రస్ అక్కర్లేదు, మా బామ్మర్ది పెట్టుకున్న పేరు కొడితే చాలు" అన్నాడు. "ఆ పేరు ఎవరి పుస్తకంల రాసి ఉంది?" అని అడిగిన. నవ్విండు. నాకు నవ్వు రాలేదు.

2012లో చెల్లె పెళ్లికి దుబాయ్ నుంచి 60 వేల రూపాయలు పంపాను. ఫారం మీద బాపు పేరు సరిగ్గానే రాశాను. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పు పడింది. పైసలు ఎవరి ఖాతాలోనో జమయ్యాయి. పేరు కలవలేదు కదా, ఎట్లా వేశారని అడిగితే, చూసేది నంబరే అన్నారు. నిజమే. ఖాతా నంబరు ఒక్కటి చూసి జమ చేయవచ్చని రిజర్వ్ బ్యాంక్ 2010 అక్టోబర్‌లోనే బ్యాంకులకు చెప్పింది. పైసలు తిరిగి రావడానికి ఏడు వారాలు పట్టింది. అప్పటికి పెళ్లి అయిపోయింది, బాపు వడ్డీకి తెచ్చాడు. అప్పటి నుంచి పైసలు పంపేటప్పుడు పేరు చూసి ధీమా పడను. ఆ పేరును, నంబరును కలిపేది ఎవరు అని చూస్తాను.

మన ఊళ్లో ఆ పని పోస్టుమ్యాన్ చేసేవాడు. ఇండియాలో మనీయార్డర్ 1880లో మొదలైంది. మా ఊళ్లో నలుగురు మల్లయ్యలు ఉండేవాళ్లు. అయినా ఎవరి పైసలు వాళ్లకే చేరేవి. ఇంటిపేరు, తండ్రి పేరు, వాడకట్టు అన్నీ పోస్టుమ్యాన్‌కు తెలుసు. పుస్తకం ఆయన తలకాయలోనే ఉండేది.

ఇంటర్నెట్ కూడా అట్లనే మొదలైంది. తొలి రోజుల్లో ఏ కంప్యూటర్‌కు ఏ నంబరో రాసిన జాబితా ఒక్కటే ఉండేది. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. కంప్యూటర్లు పెరిగాక ఒక్కచోట రాయడం చేతకాలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ ఆ జాబితాను పంచి రాసే పద్ధతి తెచ్చాడు. అదే డీఎన్‌ఎస్. ఈ రోజు మనం నంబరు బదులు వెబ్‌సైట్ పేరు కొడుతున్నామంటే దాని పుణ్యమే.

నేనుండే షామ్‌బర్గ్‌కు కూడా ఈ కథలో చోటుంది. మోటరోలా కంపెనీ 1976లో తన హెడ్డాఫీసును ఇక్కడికి మార్చింది. చేతిలో పట్టుకునే వాళ్ల సెల్‌ఫోన్ డైనాటాక్‌కు 1983లో అనుమతి వచ్చింది. అందులో 30 నంబర్లు దాచుకోవచ్చు. తర్వాతి ఫోన్లలో నంబరు పక్కన పేరు వచ్చింది. ఇప్పుడు నా భార్య నంబరు నాకే నోటికి రాదు. ఇక్కడ పుస్తకం ఎవరి ఫోన్‌లో వాళ్లదే.

డబ్బుకు ఈ పని మన దగ్గర యూపీఐ చేసింది. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016 ఏప్రిల్ 11న మొదలుపెట్టింది. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ పక్కన పెట్టి చిన్న పేరు లాంటి ఐడీ ఇస్తే చాలు. అమెరికా, సౌదీ, ఎమిరేట్స్, ఖతార్, ఒమన్‌తో సహా పది దేశాల నంబర్లున్న ఎన్‌ఆర్‌ఐలు తమ ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌వో ఖాతాలతో వాడుకోవచ్చని 2023 జనవరిలో చెప్పింది. బ్యాంకులో ఉన్న అసలు పేరునే పంపేవాడికి చూపించాలని 2025లో యాప్‌లకు గట్టిగా చెప్పింది. 2012లో నాకు కావలసింది సరిగ్గా ఇదే.

ఇక క్రిప్టో. బిట్‌కాయిన్ 2009లో వచ్చింది. బ్యాంకు లేదు, మేనేజర్ లేడు, ఉన్నది పొడుగు అడ్రసే. ఇథీరియం అడ్రస్ అయితే 42 అక్షరాలు. మనిషి చదవగలగాలి, ఒకడి పేరు ఇంకొకడికి పోకూడదు, ఏ ఒక్కరి పెత్తనమూ ఉండకూడదు: ఈ మూడూ ఒకే పేరులో కుదరవని జూకో విల్‌కాక్స్ 2001లోనే అన్నాడు. కుదిరించి చూపిద్దామని 2011లో నేమ్‌కాయిన్ వచ్చింది. 2017 మే 4న నిక్ జాన్సన్ వాళ్లు ఇథీరియం నేమ్ సర్వీస్ తెచ్చారు. పేరు చివర డాట్ ఈత్ అని ఉంటుంది. పేరు, అడ్రస్ రెండూ బ్లాక్‌చెయిన్ మీదే రాసి ఉంటాయి.

అవసరం లేదని అనను. పొడుగు అడ్రస్‌తో మోసాలు చాలా ఉన్నాయి. ముందు, వెనుక అక్షరాలు కలిసే దొంగ అడ్రస్ తయారు చేసి, చిన్న మొత్తం పంపి మన పాత లావాదేవీల్లోకి దూరుస్తారు. మనం అక్కడి నుంచే కాపీ చేస్తే అయిపోయినట్టే. 2024 మేలో ఒకరు ఇట్లనే సుమారు 7 కోట్ల డాలర్ల విలువైనది పంపేశారు. బేరాలాడాక చాలావరకు తిరిగొచ్చింది. మనలాంటి వాళ్లకు ఆ అదృష్టం పట్టదు.

కానీ పేరుతో కూడా చిక్కులున్నాయి. ఈ పేరు కిరాయి ఇల్లు లాంటిది, గడువుకు కట్టాలి. కట్టకపోతే 90 రోజుల తర్వాత వేరేవాళ్లు తీసుకోవచ్చు. అప్పుడు అదే పేరుకు పంపితే వాళ్లకే పోతుంది. మధ్యలో ఒక గీతో, అక్షరమో మార్చి మీ బామ్మర్ది పేరులాంటిదే ఇంకొకడు కొనుక్కోవచ్చు. యూపీఐలో లాగా అసలు పేరు చూపించే బ్యాంకు వెనుక ఉండదు. ఇంకోటి, ఆ పేరు తెలిసినవాడెవడైనా అందులో ఎంత ఉందో, ఎప్పుడెప్పుడు వచ్చిందో చూడొచ్చు. ఊళ్లో అప్పు అడిగేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

తమ్ముడికి చెప్పిందే మీకూ చెబుతున్నా. ముందు పది డాలర్లు పంపు. బామ్మర్దికి ఫోన్ చేసి చేరినయా అని నోటితో అడుగు. పేరు కొట్టాక కింద వచ్చే అడ్రస్‌ను మొత్తం కలిపి చూడు. ఇండియాలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉందని మీ ఇంట్లో వాళ్లకు చెప్పు. ఇంటి ఖర్చుకైతే, బ్యాంకు దారే నయం. తప్పు జరిగితే పోయి అడగడానికి ఒక కౌంటర్ ఉంటుంది. నా 60 వేలు ఏడు వారాలకైనా తిరిగొచ్చాయంటే, అటువైపు ఒక మనిషి ఉన్నాడు గనకే.

తమ్ముడు ఆ సాయంత్రం పది డాలర్లే పంపాడు. బామ్మర్ది ఫోన్ ఎత్తి, "పేరు పోయిన నెలనే మార్చిన బావా, చెప్పుడు మర్చిపోయిన" అన్నాడట.