మా ఇంటి గిటారు, తాతగారి చెక్క బిళ్ల

యానాం అడవిపొలంలో మా ఇంటి గిటారు చూసినవాళ్లు "ఫ్రెంచివాళ్లు వదిలేసి వెళ్లిందా?" అని అడుగుతుంటారండి. 1954 దాకా ఊరు వాళ్ల పాలనలోనే ఉంది కాబట్టి ఆ ప్రశ్న సహజమే. అయితే వాయిద్యం వయసు దాని ఒంటి మీదే కనిపిస్తుంది. 19వ శతాబ్దపు గిటార్లకు పేగు తీగలు ఉండేవి. అమెరికాలో మార్టిన్ వంటి కంపెనీలు ఉక్కు తీగలకు తగ్గట్టు చేయడం 1920లలో ఊపందుకుంది. మాది ఉక్కు తీగల గిటారే.

తంటా అంతా ఆ తీగలతోనే. ఆరూ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడు పడేది బ్రిడ్జి మీద; వీణకైతే దాన్ని గుర్రం అంటాం. మన గోదావరి తేమకు చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి అలా జరిగి జిగురు పట్టు వదిలింది, బ్రిడ్జి వెనక అంచు లేచింది.

పిల్లలేమో పైపలక మొత్తం మార్పిద్దామన్నారు. పెద్దవాళ్లు గోడకు తగిలించి ఉంచుదామన్నారు. తీగలు తీసి, లోపలికి చిన్న అద్దం పెట్టి చూశాం. పాత పగులు వెనకాల చెక్క బిళ్ల ఒకటి అతికించి ఉంది, తాతగారి చేతిపని. పైపలక మారిస్తే అదీ పోతుంది.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేస్తారు కదా. వీణకుండే 24 మెట్లను మైనంలో నిలబెడతారు. మైనం పాతబడితే తీసేసి, మెట్లు మళ్లీ కూరుస్తారు. అంతమాత్రాన వీణ పాడైందని ఎవరూ అనరు. విప్పి మళ్లీ కట్టుకునేలా చేయడమే ఆ పనితనం.

తోళ్లు ఉడికించి తీసే పాతకాలపు జిగురుదీ అదే గుణం. వేడి, తడి తగిలితే వదులుతుంది. ఎపాక్సీ అంత తేలిగ్గా వదలదు, ఊడదీయబోతే చెక్క పీచులు కూడా లేచొస్తాయి. అందుకే పల్చటి కత్తిని వేడిచేసి, బ్రిడ్జిని మెల్లగా విడదీశాం. పాత జిగురు గీకి, కొత్తగా తోలు జిగురే రాసి, ఒక రోజంతా క్లాంపులతో బిగించి ఉంచాం. ఈసారి సన్నం తీగలు వేశాం, లాగుడు తగ్గుతుందని.

తాతగారి బిళ్లను కదపలేదు. ఏ జిగురు వాడామో, ఎప్పుడు అతికించామో చీటీ మీద రాసి గిటారు పెట్టెలో ఉంచాం. రేపు దీన్ని విప్పాల్సినవాళ్లకు అది కావాలి.