డెమెరారా చక్కెర – గ్లాడ్‌స్టన్ కుటుంబం

తేనెరంగులో, పెద్ద పెద్ద పలుకులుగా ఉండే ఒక రకం చక్కెరను లోకంలో డెమెరారా చక్కెర అంటారు. డెమెరారా అనేది దక్షిణ అమెరికా ఉత్తర తీరాన, నేటి గయానా దేశంలో ప్రవహించే ఒక నది పేరు. ఆ నది సముద్రంలో కలిసే చోట ఉన్న చెరకు తోటలు మొదట డచ్చివారివి. 1803లో ఆ ప్రాంతం ఆంగ్లేయుల వశమైంది. తరువాత అక్కడ తోటలు సంపాదించిన ఆంగ్ల వర్తకులలో ముఖ్యుడు జాన్ గ్లాడ్‌స్టన్. ఇంగ్లండుకు నాలుగు పర్యాయాలు ప్రధానమంత్రి అయిన విలియం గ్లాడ్‌స్టన్ ఈయన కుమారుడే.

ఒక తోట యజమాని కుటుంబ చరిత్రకు విజ్ఞాన శాస్త్రంతో పని ఏమిటని పాఠకులు అడగవచ్చును. చక్కెర వండే పద్ధతిలో ఒక గొప్ప మార్పు చెరకు పండే దేశాలలో మొట్టమొదట అడుగు పెట్టింది ఈ కుటుంబపు తోటలోనే. బానిసత్వం రద్దవుతున్న రోజులలో భారతదేశపు కూలీలను ఆ తీరానికి మొదట రప్పించడానికి పూనుకొన్నదీ ఈ కుటుంబమే. ఈ రెండు సంగతులనూ కలిపి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జాన్ గ్లాడ్‌స్టన్ 1764లో స్కాట్లండులోని లీత్ రేవులో ఒక ధాన్యపు వర్తకుని ఇంట పుట్టాడు. 1787లో లివర్‌పూల్ చేరి, మొదట ధాన్యమూ, తరువాత చక్కెర, ప్రత్తి మొదలైన సరకుల వ్యాపారమూ సాగించాడు. 1812లో డెమెరారాలోని 'సక్సెస్' అనే తోటలో సగం వాటా కొన్నాడు. 1816 నాటికి తోట అంతా ఆయనదే అయింది. 1813లో ఈస్టిండియా కంపెనీకి భారతదేశంతో వ్యాపారంలో ఉన్న గుత్తాధికారం తొలగింది. మరుసటి యేడే ఆయన కలకత్తాకు ఓడ పంపాడు. 1826లో 'వ్రీడ్-ఎన్-హోప్' అనే మరొక తోట కొన్నాడు. డచ్చి భాషలో ఆ మాటకు శాంతి, ఆశ అని అర్థం. ఇన్ని తోటలున్నా ఆయన జీవితంలో ఒక్కమారైనా డెమెరారా నేల మీద కాలు పెట్టలేదు. తోటల పని అంతా మేనేజర్లదే. యజమానికి చేరేవి ఉత్తరాలు, లెక్కలు మాత్రమే.

ఇక చెరకు స్వభావం చూద్దాం. చెరకు రసంలో ముఖ్యమైన చక్కెర సుక్రోజ్. గడ నరికిన కొద్ది గంటలకే, గడలోనే ఉన్న ఎంజైముల వల్లా, పైనుంచి చేరే సూక్ష్మజీవుల వల్లా సుక్రోజ్ విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చక్కెరలుగా మారుతుంది. ఇవి తియ్యగానే ఉంటాయి గాని సులభంగా పలుకు కట్టవు. పైగా మిగిలిన సుక్రోజ్‌ను కూడా పలుకు కట్టనీయవు. అంతా మడ్డిగా మిగిలిపోతుంది. కాబట్టి నరికిన చెరకును ఒక రోజులోగా ఆడించాలి. ఆడించిన రసాన్ని వెంటనే కాచాలి. రసాయన శాస్త్రం ఈ కారణాలను వివరించక పూర్వమే తోట యజమానులు దీని ఫలితాన్ని అనుభవం మీద ఎరుగుదురు. అందుకే కోతకాలంలో గానుగలు, పొయ్యిలు రేయింబవళ్లు నడిచేవి. పగలంతా చెరకు నరికిన వాళ్లే రాత్రివేళ గానుగ వద్ద వంతులు నిలవవలసి వచ్చేది. చెరకు ఆగదు, ఆ తొందర అంతా వచ్చి పడింది కాదనడానికి హక్కులేని బానిసల మీద.

1823 ఆగస్టు 18న డెమెరారా తూర్పు తీరంలో బానిసలు తిరగబడ్డారు. పదివేల మందికి పైగా పాల్గొన్న ఈ తిరుగుబాటు గ్లాడ్‌స్టన్ వారి సక్సెస్ తోటలో మొదలైంది. దానిని నడిపించిన వారిలో ప్రధానుడు ఆ తోటలో పీపాలు చేసే జాక్ గ్లాడ్‌స్టన్. బానిసలకు యజమాని ఇంటిపేరు తగిలించడం ఆనాటి ఆచారం. ఆ విధంగా లివర్‌పూల్ వర్తకుని పేరే తిరుగుబాటు నాయకునికీ వచ్చింది. జాక్ తండ్రి క్వామినా వడ్రంగుల పెద్ద, రక్తపాతం వద్దన్నవాడు. సైన్యం ఆయనను కాల్చి చంపి, శవాన్ని సక్సెస్ తోట ముందు వేలాడదీసింది. జాక్‌ను సెంట్ లూసియా ద్వీపానికి పంపివేశారు.

తొమ్మిదేళ్ల తరువాత, 1832లో, వ్రీడ్-ఎన్-హోప్ తోటకు ఒక కొత్త యంత్రం వచ్చింది. అది వాక్యూం పాన్, అంటే గాలి తీసివేసిన మూత పెనం. దీనిని ఎడ్వర్డ్ చార్లెస్ హోవర్డ్ అనే ఆంగ్ల రసాయనజ్ఞుడు 1812-13లో కనిపెట్టాడు. అప్పటికి ఇంగ్లండులో చక్కెర శుద్ధి చేసే కర్మాగారాలలో వాడుకలో ఉన్నా, చెరకు పండే చోట దీనిని నెలకొల్పడం అదే మొదలు.

బెల్లం వండడం చూచిన వారికి దీని ప్రయోజనం సులభంగా బోధపడుతుంది. తెరచిన పెనంలో రసం చిక్కబడేకొద్దీ దాని మరుగు స్థానం పెరుగుతుంది. పలుకు కట్టే పాకానికి వచ్చేసరికి 110 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. ఆ వేడికి కొంత చక్కెర మాడి నల్లబడుతుంది. కొంత విడిపోయి మడ్డి అవుతుంది. కాని ద్రవం మీద గాలి పీడనం తగ్గిస్తే అది తక్కువ వేడికే మరుగుతుంది. హోవర్డ్ పెనానికి మూత బిగించి, లోపలి గాలినీ ఆవిరినీ పంపుతో తీసివేసి, మంటకు బదులు ఆవిరి గొట్టాలతో కాచే ఏర్పాటు చేశాడు. ఇందులో పాకం 70 డిగ్రీల ప్రాంతంలోనే మరుగుతుంది, చక్కెర మాడదు, పలుకులు పెద్దవిగా, తేటగా వస్తాయి. డెమెరారా చక్కెరకు పేరు తెచ్చిన పలుకులు ఈ పెనంలో పుట్టినవే.

ఈ యంత్రం చక్కెర నష్టాన్ని తగ్గించింది. అయితే చెరకు నరకడం, మోయడం, గానుగకు అందించడం అన్నీ మనుషుల చేతులతోనే జరిగేవి. మరుసటి సంవత్సరమే ఆ తోట పేరు బ్రిటిష్ పార్లమెంటులో వినవచ్చింది. 1833 మే నెలలో బానిసత్వ నిర్మూలన చర్చలో లార్డ్ హోవిక్ వ్రీడ్-ఎన్-హోప్ లెక్కలను సభ ముందు ఉంచాడు. కొన్నేళ్లుగా అక్కడ చక్కెర దిగుబడి పెరుగుతూ వచ్చింది; బానిసల సంఖ్య తగ్గుతూ వచ్చింది. మితిమీరిన పనే ఈ చావులకు కారణమని ఆయన వాదం. జూన్ 3న, ఇరవైమూడేళ్ల విలియం గ్లాడ్‌స్టన్ లేచి తండ్రి తోటను సమర్థించాడు. అక్కడి బానిసలలో ఆఫ్రికా నుంచి వచ్చిన వయసు మళ్ళినవారు ఎక్కువనీ, చావులకు వయసే కారణమనీ ఆయన జవాబు.

జనాభా లెక్కలలో వయసును గమనించాలన్న మాట శాస్త్రీయమైనదే, కాదనలేము. కాని ఆ జవాబు వెనుక మరొక ప్రశ్న మిగిలిపోయింది. ఆ వయసు మళ్ళినవారిని సొంత దేశం నుంచి తెచ్చినది ఎవరు? వారికి తరువాతి తరం సరిపోయినంతగా ఎందుకు పుట్టి పెరగలేదు? తోట పుస్తకాలలోని అంకెలు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవు.

ఆ యేడే చట్టమైంది. 1834 ఆగస్టు 1 నుంచి అమలు జరిగింది. పార్లమెంటు 2 కోట్ల పౌనులు నష్టపరిహారంగా కేటాయించింది. అది బానిసలకు కాదు, యజమానులకు. జాన్ గ్లాడ్‌స్టన్‌కు 2,508 మంది బానిసల పేర 1,06,769 పౌనులు ముట్టింది. విముక్తులైన వారు ఇంకా కొన్నేళ్లు 'అప్రెంటిసు'లనే పేరుతో అదే తోటలలో పనిచేయవలసి వచ్చింది. ఆ గడువు తీరిన పిమ్మట మనుషులు ఎక్కడి నుంచి వస్తారన్నది యజమానుల దిగులు.

1836 జనవరిలో జాన్ గ్లాడ్‌స్టన్ కలకత్తాలోని గిలాండర్స్, అర్బత్‌నాట్ కంపెనీకి ఉత్తరం రాశాడు. ఆ కంపెనీ అప్పటికే మారిషస్ చెరకు తోటలకు భారతీయ కూలీలను పంపుతున్నది. తనకూ నూరుమందిని కొన్నేళ్ల ఒప్పందం మీద పంపగలరా అని ఆయన అడిగాడు. పంపగలమనీ, ఈ కొండజాతుల వారికి తాము పోయే చోటు ఏదో, ప్రయాణం ఎంతకాలమో తెలియదనీ కంపెనీ జవాబిచ్చింది. ఆ అజ్ఞానాన్ని వర్తకులు సరకు గుణం చెప్పినంత తేలికగా చెప్పారు.

1838 జనవరిలో 'విట్‌బీ', 'హెస్పరస్' అనే ఓడలు కలకత్తా నుంచి బయలుదేరి మే 5న డెమెరారా చేరాయి. వచ్చిన 396 మందిలో ఛోటా నాగపూర్ కొండల వారు పెక్కుమంది. కొందరు వ్రీడ్-ఎన్-హోప్‌కే వెళ్లారు. మరుసటి సంవత్సరం జరిగిన విచారణలో, ఆ తోట దుబాసీ కూలీలను కొరడాతో కొట్టినట్లు రుజువై శిక్ష పడింది. అయిదేళ్ల ఒప్పందం ముగిసేనాటికి 98 మంది చనిపోయారు. 236 మంది స్వదేశానికి తిరిగి వచ్చారు. 60 మంది అక్కడే నిలిచిపోయారు.

కొంతకాలం ఆగిన వలస 1845లో తిరిగి మొదలైంది. ఈమారు మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. వాటిలో పోయిన తెలుగువారినీ, తమిళులనూ కూడా అక్కడ మద్రాసీలనే పిలిచారు. మారిషస్‌లో తెలుగువారికి కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేర 'కోరంగీలు' అనే పేరు వచ్చింది. 1860లో మద్రాసు నుంచి నేటాల్ చేరిన మొదటి ఓడ 'ట్రూరో'లోనూ తెలుగువారున్నారు. ఆ ఓడ గమ్యమూ చెరకు తోటలే. 1917లో ఈ వలస ఆగేనాటికి బ్రిటిష్ గయానాకే సుమారు 2,39,000 మంది భారతీయులు చేరారు.

జాన్ గ్లాడ్‌స్టన్ 1846లో బారొనెట్ బిరుదు పొంది, 1851లో స్కాట్లండులోని తన భవనంలో మరణించాడు. 2023 ఆగస్టులో ఆయన వంశీయులు గయానా రాజధాని జార్జిటౌన్‌కు వెళ్లి, తమ పూర్వికుని పనులకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. నూటతొంభై యేళ్ల కిందట ఆ కుటుంబం గయానాకు పంపిన పెనం, పీడనం తగ్గిస్తే తక్కువ వేడి చాలునన్న ప్రకృతి నియమాన్ని తెలిసి చేసినది. ఆ నియమం చక్కెరను మాడకుండా కాపాడింది. మనుషులను కాపాడే పని ఏ యంత్రమూ తనంతట తాను చేయదు. అది చట్టం చేయవలసిన పని, ఆ చట్టాన్ని అడిగి సాధించుకొనే ప్రజలు చేయవలసిన పని. జాక్ గ్లాడ్‌స్టన్ ఈ సంగతిని వాక్యూం పాన్ రాకముందే ఎరుగును.