బొబ్బిలి కథ

1757 జనవరి 24న బొబ్బిలి కోట పతనాన్ని చెప్పే తెలుగు వీరగాథ. జంగం కథకుల నోట నిలిచిన ఈ పాట పెద్దాడ మల్లేశం పేరుతో ప్రసిద్ధం. విజయనగర ప్రభువు విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటను బద్దలు కొట్టాయి. ఇక నిలవలేమని తెలిసి, శత్రువు చేత చిక్కనివ్వకుండా లోపలివారు తమ ఆలుబిడ్డలను తామే చంపుకొన్నారు. అందుకే ఇది వీరగాథ కన్నా ముందు ఏడుపుపాట. ఆనాటి మద్రాసు కౌన్సిల్ సభ్యుడు రాబర్ట్ ఆర్మ్ తన చరిత్ర గ్రంథంలో ఈ మారణకాండను వర్ణించాడు. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ దీన్నే కావ్యం చేసింది. 1964లో ఎన్.టి.రామారావు నటించిన ‘బొబ్బిలి యుద్ధం’ ఈ కథను వెండితెరకెక్కించింది.