చావుకర్మ నుంచి టీవీ తెర దాకా

క్రీ.పూ. 264లో రోమ్ ప్రముఖుడు జూనియస్ బ్రూటస్ పేరా చనిపోతే, కొడుకులు పశువుల సంతలో మూడు జతల మనుషుల చేత కత్తియుద్ధం చేయించారు. రోమ్‌లో గ్లాడియేటర్ పోరు గురించి దొరికే తొలి ప్రస్తావన ఇదే. అంతకు ముందే దక్షిణ ఇటలీలోని పేస్టమ్ సమాధుల గోడలపై ఇలాంటి పోరాటాల బొమ్మలున్నాయి.

పితృకార్యంగా మొదలైన ఈ పోరు రెండు వందల ఏళ్లలో రాజకీయమైంది. క్రీ.పూ. 65లో జూలియస్ సీజర్, ఇరవై ఏళ్ల కిందట పోయిన తండ్రి పేరు చెప్పి 320 జతలను బరిలోకి దించాడు. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి వంద రోజుల వేడుకలతో కొలోసియాన్ని ప్రారంభించాడు. దాదాపు 50 వేలమంది పట్టే ఆ కట్టడంలోకి ప్రవేశం ఉచితం. ఎవరెక్కడ కూర్చోవాలో మాత్రం హోదా తేల్చేది.

బరిలో దిగేవాళ్లలో ఎక్కువమంది బానిసలు, యుద్ధఖైదీలు. అయినా ప్రతి పోరూ చావుతో ముగిసేది కాదు. రిఫరీలుండేవారు. పెర్గమమ్‌లో గ్లాడియేటర్ల గాయాలకు కట్టుకట్టినవాడు ప్రఖ్యాత వైద్యుడు గాలెన్. సిసిలీలో దొరికిన, ఫ్లామా అనే గ్లాడియేటర్ సమాధిరాయి లెక్క ఇది: 34 పోరాటాలు, 21 గెలుపులు, 9 సమానం, ఓడినా ప్రాణం దక్కినవి 4. బతికింది 30 ఏళ్లు.

క్రీ.శ. 5వ శతాబ్దంలో గ్లాడియేటర్లు కనుమరుగయ్యారు. నేటి బాక్సింగ్ నేరుగా వారి నుంచి వచ్చింది కాదు. దాని ఆధునిక నియమాలు 1867లో ఇంగ్లండ్‌లో అచ్చయ్యాయి. కానీ ఖర్చు పెట్టి జనాన్ని పోగుచేసే ప్రభువు స్థానంలోకి ఇప్పుడు ప్రసార సంస్థ, ప్రకటనదారు వచ్చారు.

1982 నవంబర్ 13న లాస్ వేగాస్‌లో, సీజర్ల పేరు పెట్టుకున్న హోటల్లో, కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ 14వ రౌండ్‌లో కుప్పకూలాడు. అమెరికా అంతటా టీవీలో ప్రత్యక్షంగా చూశారు. కొద్ది రోజులకే అతను చనిపోయాడు. ఆ తర్వాతే ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ టైటిల్ పోరును 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించింది. బాక్సింగ్, కుస్తీ లాంటివన్నీ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీ యూఎఫ్‌సీదీ ఇదే కథ. 1993లో డెన్వర్‌లో అది తొలిసారి జరిగినప్పుడు బరువు విభాగాలే లేవు. రాజకీయ నాయకుల నిరసనలు, నిషేధాలు ఎదురయ్యాకే పక్కా నియమాలొచ్చాయి.

రోమ్ బానిసకు కాదనే హక్కు లేదు, నేటి ఆటగాడికి ఉంది. ఈ తేడా చాలా పెద్దది, కానీ అదొక్కటే చాలదు. నియమం ప్రతిసారీ రక్తం చిందాకే వస్తోంది. పోటీ ఆపించే అధికారం ప్రేక్షకుల కేకలకూ ప్రసార వేళలకూ లొంగని వైద్యుడి చేతిలో ఉండాలి. చూసే మనమే ఆ మాట గట్టిగా అడగాలి.