నాడి మీద వేలు

ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ దగ్గర విన్లటన్ అని ఒక ఊరు. 1848 జనవరి 28న అక్కడ హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్లను కుర్చీలో కూర్చోబెట్టారు. కాలిగోరు ఒకటి తీయాలి, అంతే. ఆపరేషన్ అంటేనే ఆ పిల్లకు హడలు, ఒకటే దిగులు పడింది. డాక్టరు చెంచాడు క్లోరోఫామ్ గుడ్డ మీద పోసి ముక్కు దగ్గర పట్టాడు. కత్తి పడుతుండగా కాలు ఒక్కసారి విదిలించింది. పెదవులు పాలిపోయాయి. ముఖాన నీళ్లు చల్లారు, నోట్లో బ్రాందీ పోశారు. మొత్తం మూడు నిమిషాలు కూడా కాలేదు, ప్రాణం పోయింది.

ఎడిన్‌బరోలో సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫామ్‌ను లోకానికి చాటి అప్పటికి మూడు నెలలైనా నిండలేదు. కోత బాధ లేకుండా చేసిన మందే ఎలా చంపింది? మందు తప్పు కాదు, బ్రాందీ గొంతుకు అడ్డం పడి ఊపిరాడలేదని సింప్సన్ అన్నాడు. ఆవిరి మోతాదు మించి గుండె ఆగిందని లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు అన్నాడు. అక్కడి నుంచి వైద్యులు రెండు వర్గాలయ్యారు. మత్తు ఇచ్చేటప్పుడు నాడి మీద వేలు తీయవద్దని లండన్ వాళ్లు, నాడితో పనిలేదు, ఊపిరి చూసుకుంటే చాలని ఎడిన్‌బరో వాళ్లు. ఆ రెండో పాఠాన్ని గట్టిగా బోధించినవాడు ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ సైమ్. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ లారీ 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చాడు.

మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో లారీ చేతుల మీదుగా వేలమందికి క్లోరోఫామ్ ఇచ్చారు. రోగం చూడడాన్నే ‘నాడి చూడడం’ అనే దేశంలో, మత్తు ఇచ్చేవాడు నాడి ముట్టుకోనక్కర్లేదని ఆయన విద్యార్థులకు నేర్పాడు. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో ఆ పాఠం నేర్చుకున్నవాళ్లలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. ప్రపంచంలో మత్తు వైద్యం చేసిన తొలి మహిళల్లో ఆమె పేరు చెబుతారు.

1888లో లారీ క్లోరోఫామ్ మీద పరిశోధనకు మొదటి కమిషన్ వేశాడు. 141 కుక్కలకు క్లోరోఫామ్ ఇచ్చి చూశారు. ప్రతిసారీ ముందు ఊపిరే ఆగింది, గుండె ఆ తర్వాతే ఆగింది అని తేల్చారు. లండన్ వైద్య పత్రిక ‘లాన్సెట్’ నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోమన్నాడు. ఒక సంస్థానం రోగి భద్రత గురించి ఇంత సొమ్ము పెట్టి పరిశోధన చేయించడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. రెండో కమిషన్ కోసం లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. గుండె వల్లే ప్రమాదమని నమ్మి వచ్చిన మనిషి. 1889 చివర్లో హైదరాబాద్ నుంచి ఆయన పంపిన తంతి లండన్‌ను నివ్వెరపరిచింది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు అన్నీ కలిపి 490 జంతువుల మీద పరీక్షలు చేశామనీ, ప్రమాదమల్లా ఊపిరాడకపోవడం, మోతాదు మించడమేననీ, గుండెకు నేరుగా ముప్పు లేనే లేదనీ దాని సారాంశం.

ఆ రెండో కమిషన్ రాసిన నియమాలను ఇవాళ చదివినా గౌరవం కలుగుతుంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ, ఛాతీ, పొట్ట దగ్గర బిగుతు బట్టలు ఉండకూడదు. మత్తు ఇచ్చేవాడి ధ్యాసంతా ఊపిరి మీదే ఉండాలి. కనుగుడ్డును వేలికొసతో తాకితే రెప్ప కదలని స్థితి వచ్చాకే కత్తి పట్టాలి. ఎంత తొందరున్నా అంతకు ముందు కోయకూడదు. హన్నా గ్రీనర్ విషయంలో వీటిలో కొన్ని జరగలేదు. ఆమె కూర్చుని ఉంది, మత్తు పూర్తిగా ఎక్కకుండానే కత్తి పడింది.

చిక్కల్లా లారీ చెప్పిన కారణంతో వచ్చింది. క్లోరోఫామ్ గుండెను ఏమీ చేయదన్నది ఆయనకు సిద్ధాంతంగా స్థిరపడిపోయింది. ఎక్కడ రోగి చనిపోయినా, మందు ఇచ్చిన చేతిదే తప్పు అన్నాడు. ఈ మాట ఒకవైపు వైద్యులు ఒళ్లు దగ్గర పెట్టుకునేలా చేసింది. మరోవైపు, జాగ్రత్తగా ఇచ్చినా రోగి పోతే, అది ఎందుకు జరిగిందని అడిగే దారినే మూసేసింది. తప్పు ఎవరిదో ముందే తేలిపోయాక ఇక వెతికేదేముంది? 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ ప్రయోగాలు చేసి క్లోరోఫామ్ గుండె బలాన్నే తగ్గిస్తుందని చూపించారు. లారీ ఒప్పుకోలేదు. హైదరాబాద్ లెక్కలే పట్టుకుని ఏళ్ల తరబడి వాదించాడు.

అసలు గుట్టు 1911లో గుడ్‌మన్ లీవీ అనే వైద్యుడు పిల్లుల మీద చేసిన పనిలో బయటపడింది. మత్తు నిండా ఎక్కినప్పుడు కాదు, పైపైన ఉన్నప్పుడే గుండె గతి తప్పుతోంది. ఆ దశలో శరీరంలో అడ్రినలిన్ పెరిగితే గుండె కింది గదులైన జఠరికలు లయ తప్పి వణుకుతాయి, రక్తం ముందుకు పోదు, ప్రాణం క్షణాల్లో పోతుంది. భయపడితే అడ్రినలిన్ పెరుగుతుంది. సగం మత్తులో కత్తి పడినా పెరుగుతుంది. హైదరాబాద్‌లో కుక్కలకు మత్తు మోతాదు మించేదాకా ఇచ్చి చూశారు. చావు మొదట్లోనే పొంచి ఉంటే వాళ్లు చివర్లో వెతికారు. మత్తు నిండాకే కోయమన్న లారీ నియమం మాత్రం, ఆయనకు తెలియకుండానే, ఈ ప్రమాదం నుంచి ఎంతోమందిని కాపాడి ఉంటుంది. పద్ధతి మంచిది, దానికి చెప్పిన కారణం తప్పు. పద్ధతిని పట్టించుకోకుండా కారణాన్ని మాత్రం నమ్మి నాడి వదిలేసిన చోట రోగికి రెండు రకాలుగానూ రక్షణ పోయింది.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబర్ మూసీ వరదలో కొట్టుకుపోయింది. తర్వాత ఆ ఒడ్డునే ఉస్మానియా ఆసుపత్రి లేచింది. క్లోరోఫామ్ కూడా మెల్లగా ఆపరేషన్ గదుల నుంచి తప్పుకుంది. 1986లో హార్వర్డ్ వైద్యులు మత్తు ఇచ్చేటప్పుడు తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు ప్రకటించినప్పుడు, ఊపిరినీ రక్తప్రసరణనూ రెండిటినీ ఆపకుండా గమనించాలని రాశారు. ఇప్పుడు రోగి వేలికి తొడిగే చిన్న క్లిప్పు నాడి లెక్కనూ రక్తంలో ఆక్సిజన్‌నూ తెర మీద కలిపే చూపిస్తుంది. లండన్, ఎడిన్‌బరో వాళ్లు దశాబ్దాల పాటు కొట్టుకున్న తగవు ఆ తెర మీద రెండు అంకెలుగా పక్కపక్కనే ఉంటుంది.

లీవీ చెప్పినదాన్ని బట్టి చూస్తే విన్లటన్‌లో జరిగింది చాలావరకు అర్థమవుతుంది: భయంతో ఉన్న పిల్ల, పైపై మత్తు, తొందరపడ్డ కత్తి. ఆనాటి జ్యూరీ మాత్రం క్లోరోఫామ్ వల్ల ఊపిరితిత్తుల్లో రక్తం నిలిచి హన్నా చనిపోయిందని, డాక్టరును తప్పుపట్టడానికి ఏమీ లేదని రాసి సంతకాలు చేసింది.